బామ్మర్ది కంచలో పాలపిట్ట

అనంతగిరి
విరోధి నామ సంవత్సరం, ఏరువాక పున్నమి

వేములపల్లిలో ఉన్న బామ్మర్ది వెంకన్నకు బావ మట్టయ్య రాసేది. మేము బాగున్నాం. మీరు బాగున్నారని సూర్యాపేట అంగడిలో పదిమంది చెప్పారు, కాబట్టి అడగను.

నా రాత చూసి నవ్వకు. నేను వీధిబడికి రెండు వానాకాలాలు పోయాను. నువ్వు నాలుగు పోయావు. అది కూడా మా అయ్య పంపిందే.

ఇగ అసలు మాట. నాకు తొమ్మిదేళ్లప్పుడు దసరా పొద్దున అయ్య మనిద్దరినీ గుట్ట మీది మా కంచకు తోలుకపోయాడు. పండుగ నాడు పాలపిట్ట కంట పడితే ఏడాదంతా మంచి జరుగుతుందని. "అగో, ఆ మోడు మీద" అన్నాడు. పరికి పొదలు నా తల కంటే ఎత్తున్నాయి. అయ్య వంగి నిన్ను ఎత్తుకుని భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. నిన్ను. మేనల్లుణ్ని. కన్నకొడుకునైన నేను కింద నిలబడ్డాను. నీకు పాలపిట్ట కనిపించింది. నాకు నీ మడమలు కనిపించాయి. పగిలి, మట్టి కొట్టుకుని ఉన్నాయి. ఇప్పటికీ దసరా అంటే నాకు జమ్మి గుర్తుకు రాదు, యాటకూర గుర్తుకు రాదు, నీ మడమలు గుర్తుకొస్తాయి.

యాభై ఏళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న చంద్రమ్మకు కూడా చెప్పలేదు. ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మొన్న అంగడిలో నా కడుపు మండింది.

ఎడ్ల బేరం కాడ మీ దిక్కు మనిషొకడు కూర్చుని అందరికీ నీ కథ చెప్తున్నాడు. "వెంకన్న కంచల నెమళ్లు ఆడుతున్నయే! కౌజు పిట్టలు ఇంటి కోళ్ల లెక్క తిరుగుతున్నయి. దసరాకు ఊరు ఊరంత గాడికే పోతది, పాలపిట్టను సూడ" అన్నాడు. మాది అనంతగిరి అని చెప్పాను. వాడు నా మొహం చూసి, "ఓ, వెంకన్న బావవా నువ్వు!" అన్నాడు. నా పేరు అడగలేదు. అరవై ఏళ్లు మట్టయ్యగా బతికి ఒక్క పూటలో వెంకన్న బావనైపోయాను.

మా కంచ సంగతి నీకు తెలిసిందే. జర్మనీ లడాయి రోజుల్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గు మీద నడిచినప్పుడు బొగ్గుల కాంట్రాక్టరు వచ్చాడు, చెట్లు అమ్మాను. అందరూ అమ్మారు. తర్వాత పల్లికాయ వేశాను. మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలాయి. తొండలు గుడ్లు పెట్టే నేల అంటారు గదా, దాన్ని ఇప్పుడు తొండలు కూడా ఒల్లవు. కానీ మీ అయ్య నీకు విడిచిపోయిన బీడు దానికంటే అధ్వానం. నా కళ్లతో చూశాను. అక్కడ నెమలి ఎట్లా ఆడుతుంది?

పిట్టలను ఎక్కడ కొన్నావు? ఏ గింజ చల్లి మరిగించావు? దాచకుండా రాయి. నువ్వు చేసింది నేను చేయలేనా?

చెల్లె నర్సమ్మకు దీవెనలు.

మట్టయ్య
(ఇది వేలిముద్ర కాదు, సంతకం)


వేములపల్లి
తొలి ఏకాదశి

బావ మట్టయ్యకు వెంకన్న దండాలు.

ఉత్తరం అందింది. నాట్ల పనిలో జవాబు ఆలస్యమైంది, కోపం చేయకు. నర్సమ్మకు చదివి వినిపించాను. మడమల కాడికి వచ్చేసరికి ఆమె నా కాళ్ల దిక్కు చూసి, "అన్న అన్నది నిజమే. ఇయ్యాలటి దాక మారలే" అని ఒకటే నవ్వు. రోజూ మంచం ఎక్కే ముందు కాళ్లు కడుక్కోమని తిడుతుంది. కాబట్టి బావా, నువ్వు యాభై ఏళ్లు మోసిన మడమలు నా దగ్గర భద్రంగానే ఉన్నాయి. చూడాలనిపిస్తే రా.

పిట్టలను ఎక్కడా కొనలేదు. గింజలు చల్లలేదు. గింజ చల్లితే వచ్చేవి వేరే. నేను చేసింది చెప్తాను, దాచడానికి ఏముంది.

మొదట బీడు చుట్టూ ముళ్లకంప పెట్టాను. లోపలికి మేక రాకుండా చూశాను. అప్పుడు దాంట్లో ఉన్నది ఒకే ఒక్క జమ్మి. పెళ్లయి నేను ఇటు వచ్చేటప్పుడు మామ మీ కంచలో జమ్మి కాయలు ఏరి నా తువ్వాలలో మూట కట్టి ఇచ్చాడు, గుర్తుందా? దానిలో బతికింది అదొక్కటే. ఎండాకాలం ఆ జమ్మి కాయలు, వాగు ఒడ్డు తుమ్మ కాయలు కోసి తండాలో బాల్యా మేకలకు మేపించాను. గింజ మేక కడుపులో నానితేనే మొలుస్తుంది. ఉత్త గింజ రాయి లెక్క పడి ఉంటుంది. ఆ పెంట తెచ్చి తొలకరికి ముందు బీడంతా చల్లాను. మోదుగ గింజ మాత్రం రాలిన వారంలోనే నాటాలి, పాతదైతే లేవదు. తంగేడు, రేల, బలుసు ఒకదాని నీడన ఒకటి వచ్చాయి. పరికి పొదలను పిట్టలే తెచ్చుకున్నాయి. పండు తిని వచ్చి రెట్ట వేస్తాయి గదా, అదే వాటి నాట్లు. ఎండిపోయిన తాడి ఒకటి ఉంటే అందరూ వంటచెరకుకు కొట్టమన్నారు. కొట్టలేదు. దాని తొర్రలో పాలపిట్టల జంట చేరింది. ఏడాదికేడాది అక్కడే.

అంతా సుఖమే అనుకోకు. ఈ రోజుల్లో పొద కనిపిస్తే చాలు, అందులో సంఘం వాళ్లెవరో దాక్కున్నారని అనుమానం. మొన్న మిలిటరీ క్యాంపు నుంచి జవాన్లు వచ్చారు. "అడవి ఎందుకు పెంచుతున్నావు? లోపల ఎవరున్నారు?" అని జమేదారు నిలేశాడు. నేను నోరు తెరిచే లోపలే వాడు కర్రతో పొదను పొడిచాడు. కౌజులు బుర్రున లేచాయి. జమేదారు వెల్లకిలా పడ్డాడు. నాకు ప్రాణం పోయినట్టయింది. లేచి దులుపుకుని నవ్వి పోయాడు గనుక ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

నిజం చెప్పాలంటే బావా, నా కంచలో ఉన్నది సగం మీ కంచే. నీకు కావాలంటే పిల్లమొక్కలు ఒక బండెడు పంపుతాను. ఈ వయసులో నువ్వు గుంతలు తవ్వుతూ నడుము విరగ్గొట్టుకోకు.

నర్సమ్మ నిన్ను అడిగానని రాయమంది.

నీ బామ్మర్ది
వెంకన్న


అనంతగిరి
నాగుల పంచమి

వెంకన్నకు మట్టయ్య రాసేది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కూడబలుక్కోవడానికి, రెండోసారి అర్థం కావడానికి, మూడోసారి నేను చదివింది నిజమేనా అని.

నర్సమ్మను నవ్వించావు. యాభై ఏళ్ల మాట నమ్మి చెప్తే మొగుడూ పెళ్లాం కూర్చుని నవ్వుకున్నారు. కానీయి.

మా అయ్య నీకు జమ్మి కాయలు మూట కట్టిచ్చాడా? నాకు ఇప్పుడు తెలుస్తున్నది. నాకు ఏనాడూ ఒక్క కాయ మూట కట్టలేదు. నీ కంచలో ఉన్నది సగం మా కంచే అని నీ చేత్తో నువ్వే రాశావు. అయితే ఆ పిట్టల్లో సగం మావే గదా? మా నేల నుంచి పోయింది నీ దగ్గర పెరిగితే అంగడిలో పేరు నీదా? పైగా నాకు బండెడు మొక్కలు దానం చేస్తావా? నడుము విరుగుతుందా నాకు? నీకంటే ఆరు నెలలు పెద్దవాణ్ని, అయినా నీకంటే వేగంగా గుంత తవ్వుతాను. తవ్వాను కూడా.

నీ మేక పెంట నాకెందుకని కోదాడలో కోస్తా దిక్కు వ్యాపారిని పట్టుకున్నాను. "సరుగుడు వేయండి పెద్దాయనా, చూస్తూ ఉండగానే ఆకాశం అందుకుంటుంది" అన్నాడు. మొక్కలు తెప్పించి దారం పట్టి వరసగా నాటించాను. పటాలం నిలబడ్డట్టు కనిపించింది. ముళ్లకంప పెడితే నిన్ను చూసి నేర్చుకున్నానంటారని పెట్టలేదు. మొన్న పొద్దున పోయి చూస్తే మా ఇంటి మేకలే వరసగా తింటున్నాయి, ఒక్క మొక్క తప్పకుండా. మిగిలినవాటిని ఎండ తిన్నది.

గింజలు చల్లితే వచ్చేవి వేరే అని రాశావు. నువ్వు దాస్తున్నావనుకున్నాను. జొన్నలు చల్లించాను. మొదట కాకులు వచ్చాయి. తర్వాత ఊళ్లో కోళ్లన్నీ వచ్చాయి. తర్వాత ఎలుకలు వచ్చాయి, పోలేదు. గుట్ట మీద జొన్నలు అయిపోయాక ఇంటి గాదెకు దారి కనుక్కున్నాయి. ఇప్పుడు పక్కింటి గోపమ్మ బావి కాడ నలుగురిలో అంటున్నదట: "వెంకన్నది నెమళ్ల కంచ, మా మట్టయ్య మామది ఎలుకల కంచ. దసరాకు ఎలుకను సూసి దండం పెట్టుకుందాం తీయండ్రి." చంద్రమ్మ కూడా నవ్వింది. నేను చూడలేదనుకుంది.

ఆ మాట మీద నేను బావి కాడికి పోయి అందరి ముందు చెప్పాను: "ఈ దసరాకు పాలపిట్టను నా వాకిట్లనే సూస్తరు. సూపియ్యకపోతే నా మీసం తీసేస్త" అన్నాను.

ఎట్లా చూపిస్తానని నువ్వు అడగకు. నేను చెప్పను. వచ్చే అంగడికి సూర్యాపేట పోతున్నాను, పని ఉంది. నీ కంచకు ఊరు ఊరంత పోతుంది గదా. ఈసారి మా ఊరు ఎటూ పోదు.

చెల్లెకు ఏమీ రాయను. నవ్వింది గదా.

మట్టయ్య


వేములపల్లి
వినాయక చవితి మర్నాడు

బావకు వెంకన్న నమస్కారాలు.

పోయిన ఉత్తరంలో నవ్వులాటకు రాసింది నీకు ముల్లై గుచ్చుకుంది. నర్సమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, "మా అన్న కోపిష్టి అని తెల్వదా, గవన్ని ఎందుకు రాసినవ్" అని. మడమల మాటకు ఇప్పుడు సరిగా జవాబు చెప్తాను.

ఆ దసరాకు ముందు నెలలోనే మా అయ్య గత్తర రోగం వచ్చి పోయాడు. మా అమ్మ నన్ను తీసుకుని మీ ఇంటికి వచ్చింది. పండుగ పొద్దున ఊళ్లో ప్రతి పిల్లగాడూ వాళ్ల అయ్య చెయ్యి పట్టుకుని కంచకు పోతున్నాడు. నేను నీ వెనక నడిచాను. నువ్వు మామ చెయ్యి పట్టుకుని ముందు నడిచావు. అది నీకు గుర్తులేదు. ఉన్నవాడికి గుర్తుండదు బావా. కంచలోకి పోయాక మామ వెనక్కి తిరిగి చూశాడు. నేను ఏడుస్తున్నాను. అందుకు ఎత్తుకున్నాడు. "కనపడ్డదా బిడ్డా?" అని అడిగాడు. కళ్ల నిండా నీళ్లు, నాకేం కనపడుతుంది? మామ మనసు కష్టపెట్టలేక కనపడ్డదన్నాను. ఆనాడు పాలపిట్టను నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు.

జమ్మి కాయల సంగతి అంటావా, నాకు గుప్పెడు కాయలిచ్చాడు. నీకు కంచ మొత్తం ఇచ్చాడు. ఇంతకంటే నేను రాయను.

నీ వాకిట్లో పాలపిట్ట కనిపిస్తుందని రాశావు. చదివి నిజంగా సంతోషపడ్డాను. మేకలు తిన్నా, ఎండ తిన్నా, నీ గుట్టకు అది వచ్చిందంటే మిడతలూ పురుగులూ మళ్లీ చేరాయన్నమాట. అది గింజ ముట్టదు. మిడత లేని చోట ఒక్క పూట నిలవదు. ఎట్లా రప్పించావో చెప్పనన్నావు, చెప్పకు. వచ్చింది, చాలు.

ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. మా జంటలో ఆడది రాఖీ పున్నమి తర్వాత నుంచి కనిపించడం లేదు. మగది తాటి మోడు మీద కూర్చుని పొద్దంతా అరుస్తున్నది. ఒకసారి ఎగురుతుంది, పల్టీలు కొడుతుంది, మళ్లీ అక్కడే వాలుతుంది. ఎవడో కొత్త మనిషి పిట్టలు పట్టే బంక పుల్లలు పట్టుకుని వాగు ఒడ్డున తిరిగాడని బాల్యా చెప్పాడు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. నీ గుట్టకు వచ్చిన పిట్ట అదేనేమో జర చూడు. గుర్తు చెప్తాను: ఎడమ కాలికి ముందు వేలు ఒకటి లేదు. పోయినేడు ముళ్లకంపలో ఇరుక్కుని తెగిపోయింది, నేనే విడిపించాను. అదే అయితే, నీ దగ్గర సుఖంగా ఉంటే ఉండనీ. నాకేం కోపం లేదు. బతికి ఉందని ఒక ముక్క రాస్తే చాలు. నర్సమ్మ మగపిట్ట అరుపు వినలేక తలుపు వేసుకుంటున్నది.

నీ బామ్మర్ది
వెంకన్న


అనంతగిరి
భాద్రపద బహుళ తదియ

వెంకన్నకు మట్టయ్య రాసేది.

నీ ఉత్తరం, ఆ పిట్ట ఒక్క వారంలోనే నా ఇంటికి వచ్చాయి. పిట్ట ముందు వచ్చింది.

సూర్యాపేట అంగడిలో పిట్టలు పట్టేవాడికి చెప్పింది నేనే. "ఏడికెల్లి తెస్తవో నాకు తెల్వది, దసరాకు పాలపిట్ట కావాలె" అన్నాను. వాడికి పిట్టలెక్కడ ఉంటాయో తెలుసు. అందరికీ తెలుసు. అంగడంతా నీ పేరే గదా. పంజరంలో పెట్టి తెచ్చిచ్చాడు. చంద్రమ్మ హారతి పట్టింది. గోపమ్మ వచ్చి చూసి నోరు మూసుకుంది. నాలుగు రోజులు నేను కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. చదివి, లేచి పోయి, పంజరం కాడ కూర్చున్నాను. అది కాలు కడుపు కింద దాచుకుని కూర్చుంటుంది. పొద్దు ఎక్కేదాకా కనిపెట్టుకుని ఉన్నాను. అప్పుడు కాలు మార్చింది. వేలు లేదు.

ఇప్పుడు నువ్వు నేను చెప్పేది విను, మధ్యలో జాలి పడకు. దానికి నేను జొన్నలు వేశాను. ముట్టలేదు. బియ్యం వేశాను. ముట్టలేదు. నీ ఉత్తరంలో మిడత మాట చదివాక పచ్చిక వెంట పోయి మిడతలు పడుతున్నాను. నా గుట్ట మీద ఒక్కటి దొరకదు, ఊరవతల చెరువు కట్ట దాకా పోవాలి. అరవై ఏళ్లవాణ్ని వంగి వంగి గంతులేస్తుంటే దారిన పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు. గోపమ్మ, "మామా, ఇగ కప్పల్ని గూడ పట్టు, వానలన్న వస్తయి" అంటున్నది. అననీ. పిట్ట నా చేతిలోంచి తింటుంది. తిని నా దిక్కు చూడదు. పడమర చూస్తుంది. పంజరం తిప్పి పెట్టాను. అది కూడా తిరిగి మళ్లీ పడమరే చూసింది. మీ ఊరు పడమరే గదా. నా అయ్య నీ దిక్కే చూశాడు, అంగడి నీ దిక్కే చూస్తున్నది, నా చేతి తిండి తిన్న పిట్ట కూడా నీ దిక్కే చూస్తున్నది. నీలో ఏముందిరా?

ఇక్కడే విడిచిపెడదామని పొద్దున గుట్ట మీదికి పంజరం తీసుకుపోయాను. ఎక్కడ వాలుతుంది? సరుగుడు కట్టెలు తప్ప కొమ్మ లేదు. మీద కాకులు మూగాయి. మా అయ్య చేయి చాచి "అగో, ఆ మోడు మీద" అని చూపించిన జాగా అదే. మోడు లేదు. వెనక్కి తెచ్చాను.

ఆనాడు అయ్య చెయ్యి నేనే పట్టుకుని ముందు నడిచానని రాశావు. రాత్రి చాలాసేపు ఆలోచించాను. నాకు గుర్తులేదు. నువ్వు అబద్ధం చెప్పవు. చెల్లెను ఇచ్చినప్పుడే ఆ ఒక్క గుణం చూసి ఇచ్చాం. అయినా నాకు కడుపులో మంట పోలేదు. కొంచెం తగ్గింది. ఎంత తగ్గిందో అడగకు.

ఇప్పుడు నేను చేయబోయేది చెప్తున్నాను, అడగడం లేదు. ఊరిముందు మీసం పందెం కాసిన మాట నిజం. దసరాకు నా వాకిట్లో పిట్ట ఉండదు, కాబట్టి మీసం పోతుంది. పోనీ. మళ్లీ మొలుస్తుంది, దానికి మేక పెంట అక్కర్లేదు. పంజరాన్ని బండిలో పెట్టుకుని మిర్యాలగూడ మీదుగా నేనే వస్తాను. దాన్ని తాటి మోడు కింద నా చేత్తో నేనే విడుస్తాను. నువ్వు ముట్టుకోవద్దు. వచ్చేటప్పుడు బండిలో పంజరం ఉంటుంది. పోయేటప్పుడు బండి ఉత్తగా పోవడం ఎడ్లకు మంచిది కాదు. ఏం నింపాలో నీకు తెలుసు. నేను నోరు తెరిచి అడగను. గుట్ట చుట్టూ ముళ్లకంప నిన్నటి నుంచే వేయిస్తున్నాను. నిన్ను చూసి నేర్చుకున్నానని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను.

నర్సమ్మతో చెప్పు, పిట్ట బతికే ఉంది. మిడతలు తింటున్నది. తలుపు తీయమను.

పండుగ దాకా మీ ఇంట్లోనే ఉంటాను. దసరా పొద్దున మనిద్దరం నీ కంచకు పోదాం. చిన్నవాడివి, జమ్మి ఆకు నువ్వే నా చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాలి. ఆ ఒక్కటి నీకు తప్పదు. ముందు నేను నడుస్తాను. కానీ ఒక సంగతి ఇప్పుడే తేలాలి. నీ పరికి పొదలు నా తల కంటే ఎత్తు పెరిగాయా? పెరిగితే కొట్టించు. వద్దు, కొట్టించకు. మోడు కనపడే చోట నేను ఎక్కి నిలబడటానికి ఒక పెద్ద రాయి వేయించి ఉంచు. ఇద్దరు నిలబడేంత రాయి దొరికితే నాకు అభ్యంతరం లేదు.

వేయిస్తావా, వేయించవా? పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస నాటికి నీ జవాబు నా చేతిలో ఉండాలి. మర్నాడు పొద్దున బండి కడుతున్నాను.

మట్టయ్య